అంగుళంన్నర మిగిల్చిన పంపు: నీళ్లొచ్చిన ఇంట్లో నిజంగా వాడి చూశాక

ఇది నీళ్లలో ముంచి పెట్టే మురుగునీటి పంపు. 400 వాట్లు, అంటే అర హార్స్‌పవర్‌కి కాస్త పైన. రెండేళ్ల కిందట కొన్నాం. కొన్న రోజు మావారు దాన్ని బకెట్లో ముంచి స్విచ్ వేశారు. బకెట్ చిటికెలో ఖాళీ అయింది. అందరం మెచ్చుకుని మళ్లీ డబ్బాలో పెట్టి అటక ఎక్కించేశాం. దీని గురించి నేను చదివిన రివ్యూలు కూడా దాదాపు ఆ బకెట్ దగ్గరే ఆగిపోయాయి. ఒక రాత్రి మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి కాబట్టి నేను బకెట్ దాటి రాయగలుగుతున్నాను.

కంపెనీ పేరు రాయను. ఈ రకం పంపులన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి, నా ఫిర్యాదుల్లో సగం పంపు మీద కాదు, మా మీదే.

ముందు ఆ రాత్రి సంగతి. మాది కింది వాటా. రాత్రి 2:10కి అత్తయ్య మంచం దిగబోయి, "ఏమ్మా, కింద తడేమిటే?" అన్నారు. వాన గట్టిగా పడుతోంది, అయినా వీధి తలుపు దగ్గర పొడిగానే ఉంది. నీళ్లు వెనకనుంచి వస్తున్నాయి. బాత్రూమ్ నేలలో ఉన్న జాలీలోంచి నల్లగా, బుడగలు బుడగలుగా పైకి ఉబుకుతున్నాయి. వీధిలో మురుగు లైను నిండిపోతే ఆ నీటికి పల్లంగా దొరికిన దారి మా బాత్రూమే అయింది. మేమేమో అప్పటిదాకా వరద అంటే గుమ్మంలోంచి వస్తుందనుకుని గుమ్మం దగ్గర ఇసుక మూటలు దాచుకున్నాం!

మెయిన్ స్విచ్ వరండా గోడకి ఉంది, అక్కడికి ఇంకా తడి చేరలేదు, కాబట్టి మావారు వెళ్లి దించేశారు. నీళ్లలో నిలబడితే తప్ప బోర్డు అందని పరిస్థితి అయితే దాని జోలికి వెళ్లకూడదు, కరెంటు వాళ్లకే ఫోన్ చేయాలి. మేం అంత జాగ్రత్తగా ఆలోచించామని చెప్పను, అదృష్టం కొద్దీ దారి పొడిగా ఉంది, అంతే. మెయిన్ దించాక కూడా నా కుట్టు గదిలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. చూసి గుండె ఆగినంత పనైంది. ఇన్వర్టర్! మెయిన్ దించితే దానికి కరెంటు పోయిందనే అర్థం, వెంటనే బ్యాటరీ మీదికి మారి ఇంట్లో సగం తీగల్లోకి కరెంటు పంపుతూ ఉంటుంది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. దాని ట్రాలీకి చక్రాలుండబట్టి బ్యాటరీ నేలకి జానెడు ఎత్తులో ఉంది. దాన్నీ ఆపాకే అత్తయ్యని పై వాటా వాళ్లింటికి పంపించి, టార్చి వెలుగులో అటక ఎక్కాం.

ఇక పంపు.

డబ్బా మీద రెండు అంకెలు పెద్దక్షరాల్లో ఉన్నాయి: గంటకు 7,500 లీటర్లు, 5 మీటర్ల ఎత్తు. కొనేటప్పుడు ఈ రెండూ కలిపి చదువుకున్నాం, 5 మీటర్ల ఎత్తుకి గంటకు 7,500 లీటర్లు తోడుతుందని. అలా కాదు. ఎత్తు ఏమీ లేకుండా, పైపు అడ్డం లేకుండా ఉంటే 7,500. ఎత్తు పెరిగే కొద్దీ నీళ్లు తగ్గుతూ పోయి, 5 మీటర్ల దగ్గర చుక్క కూడా పడదు. లోపల మాన్యువల్లో ఒక వంపు గీత బొమ్మ ఉంటుంది, అది చెప్పేది ఇదే. బొమ్మ చూసి దాటేశాం.

మా ఇల్లు 800 చదరపు అడుగులు. తెల్లారేసరికి ఇంట్లో ఆరంగుళాల నీళ్లు. లెక్క నాకు అలవాటే, బట్ట కొలవడమే నా పని. 800 చదరపు అడుగుల మీద అరడుగు అంటే 400 ఘనపుటడుగులు, ఘనపుటడుగుకి 28.3 లీటర్ల చొప్పున 11,300 లీటర్ల పైచిలుకు. 20 లీటర్ల బకెట్లతో తోడితే 560 దాటుతాయి. డబ్బా మాట ప్రకారం గంటన్నర పని. మాకు పట్టింది ఏడు గంటలు. ఆ తేడా ఎక్కడ పోయిందో చెప్తాను.

మొదటి గంట తోట పైపు మింగింది. పంపుతో పైపు ఇవ్వరు, ఇది నా మొదటి నిజమైన ఫిర్యాదు. మూతికి బిగించే మెట్లమెట్ల కప్లింగ్ మాత్రం ఇస్తారు, సన్న పైపైనా లావు పైపైనా పడుతుంది. అటక మీద పంపు ఉంది గానీ సరైన పైపు లేదు, మొక్కలకి నీళ్లు పట్టే అరంగుళం పైపు తగిలించాం. పంపు ఘనంగా మోగుతోంది, అవతల చివర పిల్లవాడు ఉచ్చ పోసినట్టు పడుతోంది. దీనికి తగిన పైపు 32 మిల్లీమీటర్లది. 12 మిల్లీమీటర్ల పైపుతో పోలిస్తే దాని నోరు ఏడు రెట్లు. పంపుతోపాటే ఆ పైపూ, రెండు క్లాంపులూ కొనిపెట్టుకోండి. మాకు ఆ లావు పైపు పై వాటా వాళ్లు ట్యాంకు కడగడానికి తెచ్చుకున్నది దొరికింది.

రెండో గంట గురించి రాయాలంటే సిగ్గేస్తోంది. మా మరిది పైపు చివర తీసుకెళ్లి పెరట్లో మురుగు చాంబర్ మూత తీసి అందులో పెట్టాడు. నీళ్లు పోవడానికే కదా చాంబర్ ఉన్నది! పంపు బ్రహ్మాండంగా తోడుతోంది. గంట అయ్యాక గోడ మీద పెన్సిల్‌తో గీసిన గీతకీ నీటికీ మధ్య వెంట్రుకవాసి కూడా రాలేదు. "వదినా, ఇది తగ్గట్లేదేంటి?" అంటాడు. ఆ చాంబరూ మా బాత్రూమూ ఒకటే లైను. మా నీళ్లు మేమే తోడుకుని, మా బాత్రూమ్‌లోకి మేమే పోసుకుని, మళ్లీ తోడుకుంటున్నామన్నమాట. దీనికి పంపుని అనేదేమీ లేదు.

అప్పుడు గానీ మాకు వరస తెలిసిరాలేదు. ముందు వచ్చే దారి మూయాలి, తర్వాతే తోడాలి. నా దగ్గర కత్తిరింపు ముక్కలకి కొదవ లేదు. ప్లాస్టిక్ సంచిలో తడి గుడ్డముక్కలు కూరి, మూటకట్టి, జాలీ తీసి ఆ కంతలో బిగించి, పైన నీళ్లు నింపిన బకెట్ బరువు పెట్టాం. అది మూయగానే టాయిలెట్లో నీళ్లు లేవడం మొదలైంది. దాంట్లోకీ అలాంటి మూటే. కింది వాటాలో ఉన్నవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి, ఒక కంత మూస్తే దాని పక్క కంత చూసుకోవాలి. ఇంకొకటి, వీధిలో నీరు మన గడప కంటే ఎత్తుగా ఉన్నంతసేపు ఎంత తోడినా వృథా. మాకు తెల్లవారుజామున వాన తెరిపిచ్చి వీధి కాలువలో మట్టం దిగాక, పైపు చివర పల్లం వైపు కాలువలో పెట్టాకే పెన్సిల్ గీత కింద గోడ కనిపించడం మొదలైంది. వానని ఇన్నేళ్లూ బయట ఆపిన ఎత్తు గడపే ఇప్పుడు నీళ్లని లోపల ఆపి కూర్చుంది, అది వేరే బాధ. అన్నట్టు, నేల కింద గది ఉన్న ఇళ్లవాళ్లు నాలా తొందరపడకూడదు. బయట మట్టి నానిపోయి గోడని నెడుతూ ఉంటే లోపల నీళ్లు ఒక్కసారిగా తోడేస్తే గోడ కూలే ప్రమాదం ఉంది. రోజుకి మూడో వంతు చొప్పున తోడమంటారు.

పంపుకి కరెంటు మా ఇంటి నుంచి కాదు, పై వాటా నుంచి తీసుకున్నాం. దీని తీగ 10 మీటర్లు, చాలా మంచి విషయం, అందువల్ల అతుకు నీళ్లకి దూరంగా కిటికీ ఊచకి వేలాడదీయగలిగాం. పై వాటాలో 30 మిల్లీయాంపుల కరెంటు లీకైనా పడిపోయే బ్రేకర్ ఉందని రూఢి చేసుకున్నాకే తగిలించాం. కరెంటు లేకపోతే జనరేటర్ అద్దెకి తెద్దామని మరిది అన్నాడు. తెచ్చినా ఇంట్లోనో వరండాలోనో పెట్టకూడదు, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన కూడా ఉండదు.

మాన్యువల్లో చీమతలకాయంత అక్షరాల్లో ఇంకో మాట ఉంది: పంపు నడుస్తున్నప్పుడు ఆ నీళ్లలో మనుషులు ఉండకూడదు. మేం దాన్ని పాటించాం. వైపర్లతో నీళ్లు పంపు వైపు నెట్టడం, అందరం బయటికి రావడం, ఆన్ చేయడం, ఆపడం, ప్లగ్గు పీకడం, మళ్లీ లోపలికి దిగడం. ఏడు గంటల్లో చాలా భాగం ఈ దిగడం ఎక్కడంలోనే పోయింది. దీనికి స్టార్లు తగ్గించను.

నాలుగైదుసార్లు ఆగిపోయింది కూడా. ఒకసారి గుర్‌మని మోగింది గానీ నీళ్లు రాలేదు. లోపల గాలి చిక్కుకుంది, పక్కకి వంచి పట్టుకుంటే బుడగలు వెళ్లిపోయి పట్టుకుంది. ఇంకోసారి అసలు మోగలేదు. ప్లగ్గు తీసి, అడుగు స్క్రూలు విప్పి చూస్తే లోపలి రెక్కకి నా దారాలు! ఎర్రది, పచ్చది, జరీ, అన్నీ కండెకి చుట్టినంత నీటుగా చుట్టుకుని ఉన్నాయి. డబ్బా మీద 25 మిల్లీమీటర్ల చెత్తని కూడా మింగుతుందని రాశారు. నిజమే, గుండీలు మింగింది, ఒక పాత కీ కూడా మింగి అవతల కక్కింది. దారం మాత్రం దానికి శత్రువు. వెంట్రుకలదీ అదే సంగతి అనుకోండి. రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్టకి లోపల నెట్ బట్ట పరిచి పంపుని అందులో కూర్చోబెట్టాక ఆ బాధ తప్పింది. అది బుట్టతో సహా అమ్మితే బాగుంటుంది. జాగ్రత్త ఒకటి: వేడెక్కితే దానంతట అదే ఆగి, చల్లబడ్డాక దానంతట అదే మొదలవుతుంది. ఆగింది కదా అని ప్లగ్గు తీయకుండా వేలు పెడితే వేలు మిగలదు.

ఇక శీర్షికలో చెప్పిన అంగుళంన్నర.

ఈ పంపు నీళ్లని అడుగునుంచి పీలుస్తుంది, కానీ మట్టం అంగుళంన్నరకి దిగాక గాలి పీల్చి గొంతు గరగరలాడిస్తుంది. దానికి తోడు తాడుకి కట్టిన బంతిలా తేలే ఫ్లోట్ స్విచ్ ఒకటి ఉంది, మట్టం తగ్గితే అది వాలిపోయి మోటారుని ఇంకా ముందే ఆపేస్తుంది. నేను దాన్ని దారంతో పైకి కట్టేసి, కళ్లు తిప్పకుండా కాపలా కాశాను, నీళ్లు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది మరి. అంగుళంన్నర అంటే ఏముందిలే, తుడిచేసుకోవచ్చు అనిపిస్తుంది. 800 చదరపు అడుగుల మీద అంగుళంన్నర అంటే 2,800 లీటర్లు, 140 బకెట్లు! మోటారు కొన్నవాడు ఎత్తిపోయాల్సిన బకెట్లు ఇవి. మాకు దారి ఎలా దొరికిందంటే, బాత్రూమ్ నేల మిగతా ఇంటి కంటే రెండంగుళాలు పల్లం. కంత మూసేశాం కాబట్టి అదే తొట్టి అయింది. పంపుని అక్కడ పెట్టి గదులన్నింటి నీళ్లనీ అటే నెట్టాం. చివరికి చేత్తో ఎత్తింది 30 బకెట్ల లోపే. మీ ఇంట్లో అలాంటి పల్లం లేకపోతే ఈ రకం కాకుండా అడుగు చదునుగా ఉండే పంపు చూడండి, అవి నేల మీద ఒకట్రెండు మిల్లీమీటర్లు మాత్రమే వదులుతాయి. చెత్త మింగలేవు, ఆ లోపం వాటిది. నన్నడిగితే ఇళ్లకి అదే నయం. చెత్తకి బుట్ట ఉంది, అంగుళంన్నరకి బుట్ట లేదు.

మధ్యాహ్నానికి నేల కనిపించింది. అందరూ అయిపోయిందన్నారు. అక్కడే మోసపోతాం. పంపు తీసేది కంటికి కనిపించే నీళ్లనే. గోడలు తాగినదీ, తలుపులు తాగినదీ, పరుపు తాగినదీ అలాగే ఉంది. తడి వస్తువు ఒకటి రెండు రోజుల్లో, అంటే 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. ఫోటోలు మాత్రం అన్నీ తుడవకముందే తీసిపెట్టుకున్నాం, గోడ మీద నీటి గీతతో సహా, బీమా వాళ్లకి అదే సాక్ష్యం. పరుపులు పారేశాం. అది మురుగునీరు, ఎండబెట్టినా నాకు మనసొప్పదు. కుట్టు బల్ల పార్టికల్ బోర్డుది, కాళ్లు ఉబ్బి అట్టల్లా పొరలు పొరలుగా విచ్చుకుంది. మిషన్ తల పైన ఉండబట్టి బతికింది, మునిగిన పెడల్‌ని ఆరిందో లేదో మెకానిక్ చూసేదాకా ప్లగ్గులో పెట్టలేదు. కింది అరలో ఉన్న పదకొండు మంది బట్టలు వేడినీళ్లలో రెండేసి సార్లు ఉతికి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఇద్దరు వద్దన్నారు, తప్పులేదు.

నేల సబ్బునీళ్లతో బురద పోయేదాకా కడిగాకే బ్లీచ్. బురద మీద బ్లీచ్ పోస్తే దాని బలం బురదకే ఖర్చైపోతుంది. 4 లీటర్ల నీటికి ఒక కప్పు మించక్కర్లేదు. మరిది ఉత్సాహం కొద్దీ అందులో టాయిలెట్ కడిగే యాసిడ్ కూడా కలపబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

అత్తయ్య పెళ్లి ఆల్బమ్ ట్రంకు పెట్టెలో తడిసి ముద్దయింది. ఆవిడ పరుపుల గురించి ఒక్క మాట అనలేదు, దాన్ని మాత్రం ఒళ్లోంచి దించలేదు. తడి ఫోటోలు ఒకదానికొకటి అంటుకుని ఆరితే ఇక విడదీయలేం. మంచినీళ్లలో మెల్లగా ముంచి తీసి, వీలైనన్ని విడదీసి, మిగిలినవి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి పై వాటా వాళ్ల ఫ్రీజర్‌లో పెట్టాం. గడ్డకట్టించేస్తే పాడవడం ఆగుతుంది, తీరికగా కొన్ని కొన్ని చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు. వారం తర్వాత తీస్తే నాలుగు తప్ప అన్నీ దక్కాయి.

గోడల కోసం డీహ్యుమిడిఫైయర్ అద్దెకి తెచ్చాం, గాల్లో చెమ్మ లాగి తొట్టిలో నీళ్లుగా పట్టే యంత్రం. బయట వాన వదలనప్పుడు కిటికీలు తెరిచి ఫ్యాన్లు పెడితే బయటి చెమ్మ లోపలికి వస్తుందే తప్ప లాభం లేదు. కిటికీలన్నీ మూసి దీన్ని వేశాం. రోజుకి 20 లీటర్లని దాని మీద ఉంది, అది 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గదిలో మాట. నా కొలతల పుస్తకంలో, జాకెట్ల కొలతల పక్కనే రాసుకున్నాను: మొదటి రోజు 14 లీటర్లు, మూడో రోజు 9, వారానికి 4, పదిహేనో రోజు ఒకటిన్నర. పంపు 11,000 లీటర్లు తోడితే నాకు కలగని తృప్తి, ఈ తొట్టి పారబోసినప్పుడల్లా కలిగేది. గోడ మీద నీటి గీత ఆరంగుళాల దగ్గరే ఉంది, చెమ్మ మాత్రం మోకాలి దాకా పాకింది, ఒత్తి దీపంలో నూనె పాకినట్టు.

రంగులు వేసేస్తామని పెయింటర్ రెండో వారంలోనే వచ్చాడు. చదరపు అడుగు ప్లాస్టిక్ ముక్క గోడకి చుట్టూ టేపుతో అంటించి రాత్రంతా వదిలాను. పొద్దున లోపలి వైపు నీటి చుక్కలు. అది చూపించి పంపించేశాను. ఇటుక గోడ అంగుళం మందానికి నెల పడుతుందని మేస్త్రీలు చెప్పే లెక్క. ఇప్పటికీ నా గదిలో ఒక మూల తెల్లగా ఉప్పు తేలుతూనే ఉంది, బ్రష్‌తో పొడిగా దులుపుతున్నాను.

మళ్లీ పంపు దగ్గరికి. పని అయ్యాక మంచినీళ్లలో కాసేపు నడిపించాలి, లేకపోతే లోపల బురద ఎండి రెక్క పట్టేస్తుంది. మేం అలా చేశాం, ఇప్పటికీ బాగానే తిరుగుతోంది. మోటారు గట్టిది, తీగ పొడుగైనది, పిడి చేతికి అందంగా అమరుతుంది. పైపు ఇవ్వనందుకు ఒక స్టార్, అంగుళంన్నర సంగతి చీమతలకాయ అక్షరాల్లో దాచినందుకు ఇంకో స్టార్ తీసేశాను. మూడు.

అయితే కొనబోయేవాళ్లు ముందు ప్లంబర్‌ని పిలవండి. నీళ్లు దిగాక మా ఇంటికొచ్చిన ప్లంబర్ చాంబర్ చూసి, "ఇక్కడ నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే ఇదంతా అయ్యేది కాదమ్మా" అన్నాడు. ఇంటి లైను వీధి లైనులో కలిసే ముందు పెట్టే చిన్న రెక్క తలుపు అది, నీళ్లు బయటికి పోనిస్తుంది, వెనక్కి రాబోతే మూసుకుంటుంది. పంపు కంటే చవక. మూసుకున్నంతసేపు మన ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు, కాబట్టి గట్టి వానలో స్నానాలూ బట్టలుతకడాలూ ఆపాలి. ఏడాదికి రెండుసార్లు మూత తీసి రెక్కకి అడ్డం పడ్డ చెత్త తీయాలి. పెట్టించాం.

పంపు ఇప్పుడు అటక మీద లేదు, వరండాలో మేకుకి వేలాడుతోంది, బుట్టా లావు పైపూ దాంతోనే. పైపు చివరికి మందపాటి కాన్వాస్ ముక్క కుట్టాను, దాని మీద ఎర్ర దారంతో గొలుసు కుట్టులో రాశాను: "ఇది వీధి కాలువలోకి. చాంబర్‌లో పెట్టొద్దు." మా మరిది అది చదివి, నా పేరు కూడా కుట్టాల్సింది వదినా అన్నాడు.